కాసుల పేరైనా, కంటె అయినా.. తాకట్టుకాడ తేలేది బంగారం ఎత్తే

పోయినేడు మిర్చి నారు పెట్టే యాళ్లకు మా చెల్లె చేతుల పైసల్లేవు. మందులు, కూలీలు, ట్రాక్టరు కిరాయి అన్నీ ఒక్కసారే మీద పడ్డయి. పెండ్లికి పెట్టిన నక్షి హారం మూటగట్టుకొని నన్ను తోడు తీసుకొని గోల్డ్ లోను ఆఫీసుకు పోయింది. కొన్ననాడు ఇచ్చిన చిట్టీల 30 గ్రాములని రాసి ఉన్నది. బంగారం జూసే అతను కాంటా మీద పెడితే 30 గ్రాములే వచ్చింది. మల్ల అద్దం పెట్టి రాళ్లు లెక్కబెట్టిండు, వెనకకు తిప్పి లక్క జూసిండు. "నికరంగా 24 గ్రాములే లెక్కకొస్తదమ్మా" అన్నడు.

చెల్లె నా మొఖం జూసింది. ఆరు గ్రాములు ఏడ పోయినయి? ఏడికీ పోలేదు. అవి మొదటి సందే బంగారం కాదు. రాళ్లకూ లక్కకూ గూడ మేము బంగారం ధర కట్టి తెచ్చుకున్నం.

పోయి అడుగుదామంటే చేతుల ఉన్నది బిల్లు గాదు, తెల్ల చిట్టీ. దాని మీద దుకాణం పేరు గూడ లేదు. "బిల్లు వద్దంటే జీఎస్టీ తప్పుతది" అంటే ఆశపడి మేమే ఒప్పుకున్నం. మూడు శాతం మిగిలిందని సంబురపడ్డం, బంగారం పైసలల్ల ఇరవై శాతం పోగొట్టుకున్నం. ఆ తప్పు మాదే. మీరు చెయ్యొద్దని ఇది రాస్తున్న.

నేను నగల వ్యాపారిని కాదు. బడి చదువు పదో తరగతి కాడ ఆగింది. మిగిలింది సంఘంల తిరుక్కుంట, కాయితాలు చదువుకుంట నేర్చుకున్నదే. ఆ దినం సంది బంగారం కాయితాలు గూడ చదువుడు మొదలుబెట్టిన.

మెడల దండే మన పాసుబుక్కు

బంగారం సోకు కోసమే అనుకునేటోళ్లు పట్నంల ఉండొచ్చు. మన దిక్కు లెక్క వేరు. పోడు భూమికి పట్టా రానోళ్లకు, కౌలు చేసేటోళ్లకు పంట లోను దొరుకుడు కష్టం. అసుంటి ఇంట్ల దవాఖాన ఖర్చొచ్చినా, బోరు ఎండినా, పిల్లగాని ఫీజు కట్టాలన్నా ముందుగాల చెయ్యి పోయేది ఇంటామె మెడ మీదికే. అందుకే ఏ దండల ఎంత బంగారం ఉన్నదో తెలుసుకునుడు ఆడోళ్ల ముచ్చటని పక్కన పెట్టేది కాదు. అది ఇంటి ఆస్తి లెక్క.

నగకు లెక్క చెప్పుడు మన గడ్డకు కొత్త గాదు. 17వ శతాబ్దంల పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న భద్రాద్రి గుడి కట్టిచ్చి, నగలు చేయిచ్చి, ఆ పైసల కేసులనే గోల్కొండ జైల్ల పడ్డడు. సీతమ్మకు చింతాకు పతకం, భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు అని ఒక్కోటి పేరు పెట్టి రామునికే లెక్క అప్పజెప్పిండు ఆయన కీర్తనల. దేవునికే లెక్క చెప్పిన ఊరు మనది. దుకాణం సేటును లెక్క అడగనీకె మనకు సిగ్గెందుకు?

తులమా, కాసా? ముందుగాల అది తేల్చుకోండ్రి

పాత అవుసలోళ్లు బంగారం తూచింది మన అడవిల తీగకు కాసే గురిగింజలతోటే. 96 గురిగింజల ఎత్తు ఒక తులం. ఆ పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు దుకాణంల తులమంటే 10 గ్రాములే. 2023 ఎన్నికలల్ల పెండ్లి పిల్లకు ఇస్తమన్న తులం బంగారం గూడ 10 గ్రాముల లెక్కనే.

గోదావరి అవతల, కూనవరం, చింతూరు దిక్కు చుట్టరికం కలుపుకుంటే వాళ్లు కాసులల్ల మాట్లాడుతరు. కాసంటే 8 గ్రాములు. అంటే ఐదు కాసులు 40 గ్రాములు, ఐదు తులాలు 50 గ్రాములు, పాత తులాలైతే 58 గ్రాములు. ఈ తేడా కాడ పెండ్లి పందిట్ల మాటలు పెరిగినయి నేను కండ్లార జూసిన. అసలు కట్నంగ అడుగుడే 1961 చట్టం కింద నేరం, అది వేరే సంగతి. మీ పిల్లకు మీరు ఇష్టంగ పెట్టుకునే బంగారమైనా గ్రాములల్లనే మాట్లాడుకోండ్రి.

ఏ దండల ఏముంటది?

పుస్తెలతాడు, నాను, సాదా గొలుసు: వీటిల రాళ్లుండయి, లక్క ఉండది. తూకమంతా బంగారమే. భద్రాచలం కల్యాణంల సీతమ్మకు దశరథుని తరఫున ఒకటి, జనకుని తరఫున ఒకటి, రామదాసు చేయిచ్చింది ఒకటి, మూడు సూత్రాలు కడ్తరు. మన ఇండ్లల్ల ఆపదల పుస్తెలతాడే అందరి కన్నా గట్టిగ ఆదుకుంటది. ఒక్కటి చూసుకోండ్రి. ఈ నడుమ మిషన్ గొలుసులు లోపల బోలుగ వస్తున్నయి. చూస్తే లావుగుంటయి, తూకం తక్కువ, తెగితే మల్ల అతుకుడు కష్టం.

గుండ్ల దండ: గుండ్లను పలుచని రేకుతోటి చేస్తరు, లోపల బోలు. కొన్నిట్ల నొక్కుకుపోకుండ లక్క నింపుతరు. ఆ లక్క గూడ తూకంల వస్తది.

కాసుల పేరు: ఈడ పేరంటే దండ. ఒకప్పుడు నిజమైన నాణేలే గుచ్చేటోళ్లు. ఇప్పుడు పలుచని రేకు మీద లక్ష్మి బొమ్మ అచ్చుకొట్టిన బిళ్లలు. బిళ్ల బిళ్లకూ పని ఉంటది, అందుకే మజూరి ఎక్కువ. రేకు మరీ పలుచనైతే బిళ్లలు వంగుతయి.

చంద్రహారం: వరుసలు వరుసలుగ గొలుసులు. అతుకులు ఎక్కువ, పని ఎక్కువ, తరుగు ఎక్కువ.

కంటె: మెడకు పట్టీ లెక్క గట్టిగ ఉండేది. కడ్డీతోటి చేసిందా, గొట్టంతోటి చేసిందా అడుగుండ్రి. రెండూ చూడనీకె ఒక్కతీరే ఉంటయి.

నక్షి హారం: రేకును వెనక నుంచి కొట్టి దేవుని బొమ్మలు, నెమళ్లు లేపుతరు. చేయి తిరిగిన అవుసలాయన రోజుల కొద్ది కూసుండి చేసే పని. దాని మజూరి ఎక్కువుండుడు న్యాయమే. కాకపోతే ఆ మజూరి అమ్మిననాడు తిరిగి రాదు.

కుందన్, పచ్చిపని: రాయి కింద లక్క, చుట్టూ బంగారం రేకు. గుట్టపూసల హారంల ముత్యాల గుత్తులు, నల్లపూసల దండల నల్లపూసలు. ఇవన్నీ కాంటా మీద కలిసే తూగుతయి. మా చెల్లె హారం కథ ఇదే.

ఇగ "ఒక గ్రాము బంగారం" అని జాతరలల్ల, ఫోన్లల్ల అమ్మేది నగ రూపమే గాని ఆస్తి కాదు. లోపల రాగో ఇత్తడో ఉంటది, మీద బంగారు పూత. మచిలీపట్నం కాడ చిలకలపూడి నగలు ఇసుంటి పనికే పేరుబడ్డయి. పెట్టుకుంటే ముద్దుగుంటయి, పెట్టుకోండ్రి. తాకట్టుకు మాత్రం పనికిరావు.

916 అంటే ఏంది? కేడీఎం అంటే ఏంది?

24 క్యారెట్లంటే అచ్చ బంగారం. అది మెత్తగుంటది, నగకు ఆగదు. అందుకే రాగి, వెండి కలుపుతరు. 22 క్యారెట్లల్ల వెయ్యికి 916 పాళ్లు బంగారం, 18 క్యారెట్లల్ల 750 పాళ్లు. రాళ్ల నగలు ఎక్కువగ 18లనే చేస్తరు, రాయి గట్టిగ పట్టుకుంటదని. అది మోసం గాదు. 18 క్యారెట్ల నగకు 22 క్యారెట్ల ధర తీసుకుంటేనే మోసం.

కేడీఎం అని ముద్ర చూసి "మంచి బంగారం" అనుకుంటరు మనోళ్లు. అది స్వచ్ఛత ముద్ర కాదు. కాడ్మియం కలిపి అతికిన నగ అని అర్థం. ఆ పొగ పని చేసేటోళ్ల ఊపిరితిత్తులకు విషం. ఎవరన్న కేడీఎం అని గొప్పగ చెప్తే ఇగ ఆ దుకాణం గురించి మీరే అర్థం చేసుకోండ్రి.

చూడాల్సింది హాల్‌మార్క్. 2021 జూన్ 16 సంది జిల్లాల వారీగ దీన్ని తప్పనిసరి చేసుకుంట వస్తున్నరు. 2023 ఏప్రిల్ 1 సంది మూడు గుర్తులుండాలె: బీఐఎస్ ముద్ర, 22కే916 లెక్క స్వచ్ఛత అంకె, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ నంబరు. ఆ నంబరు ప్రతి నగకూ వేరే ఉంటది. ఫోన్ల బీఐఎస్ కేర్ యాప్ ఏసుకొని నంబరు కొట్టి చూస్తే నగ సంగతి తెలుస్తది. కౌంటర్ కాడనే చూడుండ్రి, ఇంటికొచ్చినంక కాదు.

రెండు మెలికలున్నయి. 2 గ్రాముల లోపు నగకు, కుందన్, పోల్కీ, జడావు నగలకు ఈ తప్పనిసరి లేదు. మల్ల హాల్‌మార్క్ బంగారం ఎంత స్వచ్ఛమో చెప్తది గాని రాళ్లు ఎన్ని గ్రాములో చెప్పదు. అందుకే బిల్లు కావాలె. హాల్‌మార్క్ నగ బిల్లుల నికర బంగారం తూకం, క్యారెట్, హాల్‌మార్క్ రుసుము విడివిడిగ రాయాలె. ఇది రూలు, వాళ్ల దయ గాదు.

మీ కాడున్న పాత నగకు ముద్ర లేకున్నా భయపడకుండ్రి. ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అనుమానముంటే హాల్‌మార్క్ సెంటర్ల పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు నగల దాకా 200 రూపాయలు రుసుము పెట్టిండ్రు. ముద్ర ఉండి స్వచ్ఛత తక్కువ తేలితే, తగ్గిన విలువకు రెండింతలు, మీదికెళ్లి పరీక్ష ఖర్చు అమ్మినోడు కట్టాలని 2018 బీఐఎస్ రూల్స్ చెప్తయి.

ఒకే బిల్లు, రెండు హారాలు

లెక్క తేలికగుండనీకె 22 క్యారెట్ల గ్రాము ధర 10,000 అనుకుందం.

మొదటిది సాదా గొలుసు, 20 గ్రాములు. బంగారం 2,00,000. తరుగు, మజూరి కలిపి 8 శాతం, 16,000. మొత్తం 2,16,000. జీఎస్టీ 3 శాతం, 6,480. కట్టేది 2,22,480.

రెండోది రాళ్ల నక్షి హారం. కాంటా మీద ఇది గూడ 20 గ్రాములే. రాళ్లు, లక్క 3 గ్రాములు తీసేస్తే నికరం 17. బంగారం 1,70,000. తరుగు, మజూరి 20 శాతం, 34,000. రాళ్ల ధర 12,000. మొత్తం మల్ల 2,16,000. జీఎస్టీ కలిపితే 2,22,480.

తూకం ఒకటే, కట్టింది ఒకటే. రేపు అదే ధరకు అమ్మవోతే మొదటి దానికి 2,00,000 దాకా వస్తది, రెండోదానికి 1,70,000 దాకా. ఈ రెండో లెక్కల ఏ మోసం లేదు, నిజాయితీగ చేసిన బిల్లే. అయినా 30,000 తేడా. అదే 20 గ్రాములకూ బంగారం ధర ఏసి, మీదికెళ్లి రాళ్లకు వేరే పైసలు తీసుకుంటే ఇగ చెప్పేదేమున్నది?

బిల్లుల "వీఏ" అని శాతం కనబడ్తది. తరుగు, మజూరి కలిపి రాసేదే అది. బంగారం ధర అన్ని దుకాణాలల్ల దాదాపు ఒక్కటే ఉంటది. తేడా అంతా ఈ వీఏ కాడనే. బేరమాడాల్సింది గూడ ఈడనే.

తాకట్టు పెట్టేటప్పుడు

ఆర్‌బీఐ 2025 జూన్‌ల తెచ్చిన కొత్త రూల్స్‌ను బ్యాంకులు, లోను కంపెనీలు 2026 ఏప్రిల్ 1 కల్లా అమలు చెయ్యాలె. రెండున్నర లక్షల లోపు లోనుకు బంగారం విలువల 85 శాతం దాకా ఇయ్యొచ్చు. ఆ విలువల రాళ్లు, మజూరి లెక్కకు రావు. పైన చెప్పిన గొలుసుకు 1,70,000 దాకా, హారానికి 1,44,500 దాకా పుడ్తది. నగ చూసేటప్పుడు మీరు ముందర ఉండాలె. ఎంత తీసేసిండ్రో, ఎందుకు తీసేసిండ్రో కాయితం మీద రాయించుకోండ్రి. బాకీ మొత్తం కట్టినంక ఎక్కువల ఎక్కువ ఏడు పనిదినాలల్ల నగ చేతికియ్యాలె. వాళ్ల తప్పుతోటి ఆలస్యమైతే దినానికి 5,000 చొప్పున మీకు కట్టాలె.

ఊర్ల షావుకారు కాడ ఈ కాయితాలేవీ ఉండయి. ఏజెన్సీల వడ్డీ వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలని 1960 సంది రెగ్యులేషన్ ఉన్నది. నగ ఇచ్చే ముందు ఆ లైసెన్సు అడుగుండ్రి. అడిగినందుకు కోపం జేస్తే ఆడికెళ్లి లేచి రాండ్రి.

అడిగితే పోయేదేం లేదు

రాళ్ల హారం కొనొద్దని నేను చెప్తలేను. మా అమ్మ తరం మెడల పూసల దండలు, వెండి రూపాయల పేర్లే ఎక్కువ. బిడ్డ మెడల నక్షి హారం చూడాలని ఆమెకు ఎంత ఆశ ఉండెనో నాకు తెలుసు. ఇష్టపడి కొనుక్కునుడు తప్పు గాదు. ఎంత సోకుకు పోతున్నదో, ఎంత ఆస్తిగ మిగుల్తదో తెల్వక కొనుడు నష్టం. వీలైతే ఆపదకు అక్కరొచ్చే బంగారం సాదా గొలుసుల పెట్టుకోండ్రి, ముచ్చట తీర్చుకునేది చిన్న హారంల తీర్చుకోండ్రి.

దుకాణం కాడ నాలుగే మాటలు అడుగుండ్రి: నికరం తూకమెంత? క్యారెట్ ఎంత? వీఏ ఎంత? తిరిగి మీకే అమ్మితే ఎంతిస్తరు? నాలుగిటికీ జవాబు బిల్లు మీదనే రాయించుకోండ్రి. తూకంల మోసమైతే తూనికలు కొలతల శాఖ ఉన్నది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది. రెండిటికీ బిల్లే ఆధారం.

మా చెల్లె ఆ దినం 24 గ్రాముల మీదనే లోను తీసుకొని నారు పెట్టింది. మిర్చి అమ్మినంక హారం ఇడిపించుకొని మల్ల మెడల ఏసుకున్నది. మొన్న ఆడబిడ్డ పెండ్లికి గొలుసు కొననీకె ఖమ్మం పోతే కౌంటర్ కాడ నాకన్న ముందుగాల ఆమెనే అడిగింది, "అన్నా, నికరం ఎంత?" అని.