గుండుకు తగ్గ గొట్టం

రైఫిల్ పేలినప్పుడు పుట్టే శబ్దం ఒకటి కాదు, రెండు. తూటాలోని మందు మండగా పుట్టిన వాయువులు గుండును ముందుకు తోస్తాయి. గుండు తుపాకీ మూతి దాటగానే అవి ఒక్కసారిగా బయటి గాలిలోకి విరుచుకుపడతాయి. చెవులు దిమ్మెక్కించే పేలుడు అదే. రెండో శబ్దం గుండుది. 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. .308 క్యాలిబర్ (గుండు లావును చెప్పే అంకె) రైఫిల్ గుండు వేగం 800 మీటర్లకు పైమాటే. ధ్వనిని మించిన వేగంతో పోయే గుండు దారి పొడవునా ఆఘాత తరంగాన్ని సృష్టిస్తూ పోతుంది. కొరడా విదిలిస్తే దాని కొస దగ్గర పుట్టే చప్పుడుకు కారణమూ ఇదే.

సౌండ్ మోడరేటర్ పని మొదటి శబ్దంతోనే. బారెల్ మూతికి బిగించే ఈ గొట్టంలో వరసగా అడ్డుబిళ్లలు ఉంటాయి. ప్రతి బిళ్ల నడుమ గుండు పోయేంత రంధ్రం ఉంటుంది. గుండు నేరుగా దూసుకుపోతుంది. వెనకే వచ్చే వాయువులు మాత్రం బిళ్లల మధ్య గదుల్లో చిక్కుకుని, సుడులు తిరిగి, వ్యాకోచించి, లోహానికి కొంత వేడిని వదిలి, నెమ్మదించి బయటపడతాయి. సినిమాల్లో చూపించినట్టు తుపాకీ మూగబోదు. పెద్ద రైఫిల్ మూతి దగ్గర 165 డెసిబెల్స్‌కు అటూ ఇటూ ఉండే శబ్దం మంచి మోడరేటర్‌తో 20 నుంచి 30 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. డెసిబెల్ లెక్కలో 6 తగ్గితే ధ్వని పీడనం సగమైనట్టు కాబట్టి, 30 తగ్గడమంటే పీడనం ముప్పైయో వంతుకు దిగినట్టు. క్షణంలో ముగిసే శబ్దాల విషయంలో వినికిడికి ప్రమాదరేఖగా 140 డెసిబెల్స్‌ను తీసుకుంటారు. మోడరేటర్ శబ్దాన్ని ఆ గీత చుట్టుపక్కలకు తెస్తుంది. దాని అసలు విలువ అక్కడే ఉంది.

చెవి సంగతి ఈ పరికరం పుట్టిన ఇంటికి బాగా తెలుసు. మెషీన్ గన్ సృష్టికర్త సర్ హైరమ్ మాక్సిమ్‌కు తుపాకుల మోతతోనే వినికిడి దెబ్బతింది. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1869లో పుట్టాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, తొలితరం మోటారు కార్ల మీద పనిచేశాడు. స్నానాల తొట్టి నుంచి నీళ్లు సుడి తిరుగుతూ కిందికి దిగడం చూసి, వాయువులనూ అలాగే తిప్పితే అవి ఆలస్యంగా బయటికి వస్తాయన్న ఆలోచన తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1909 మార్చి 30న అమెరికాలో ఈ పరికరానికి ఆయనకు పేటెంటు దక్కింది. కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని ఆయన కంపెనీ ఈ గొట్టాలను సైలెన్సర్ల పేరుతో అమ్మసాగింది. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా తన వించెస్టర్ రైఫిల్‌కు ఒకటి పెట్టించుకున్నాడు. 1910 మోడల్‌లో మాక్సిమ్ రంధ్రాన్ని గొట్టం మధ్యలో కాకుండా కాస్త పైకి జరిపాడు. గొట్టం లావు కిందికి ఒదిగి, గురిచూసే సైట్లకు అడ్డు రాకుండా పోయింది. చిన్న మార్పే అయినా, వాడేవాడి కన్ను ఎక్కడుంటుందో ఆలోచించిన మార్పు అది.

1920ల నడుమకు వచ్చేసరికి కంపెనీ తుపాకుల సైలెన్సర్లు మానేసి, ఇంజన్లకూ కర్మాగారాలకూ శబ్దాన్ని తగ్గించే పరికరాల వైపు మళ్లింది. మోటారు సైకిల్ సైలెన్సర్‌లో జరిగేదీ దాదాపు ఇదే: వాయువును గదుల్లో తిప్పి నిదానింపజేయడం. 1934లో అమెరికా ప్రభుత్వం తుపాకీ సైలెన్సర్ మీద 200 డాలర్ల పన్ను వేసింది. అప్పటి సైలెన్సర్ ధరకు అది ఎన్నో రెట్లు. నార్వే, ఫిన్‌లాండ్ వంటి దేశాలు మరో దారి పట్టాయి. అక్కడ వేటగాళ్లకు అది చెవులను కాపాడే మామూలు పరికరం. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, పేలుడు శబ్దాన్ని గానీ మెరుపును గానీ తగ్గించేలా తయారుచేసిన ఉపకరణాలను తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది.

మోడరేటర్ క్యాలిబర్‌కు సరిపడాలంటే మొదట చూడవలసింది రంధ్రం. అది గుండు వ్యాసం కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. మరీ పెద్దదైతే వాయువులు గదుల్లో చిక్కకుండా గుండు వెంటే నేరుగా జారిపోతాయి. ఇరుకైతే గుండు బిళ్ల అంచును తాకి దారి తప్పుతుంది, గొట్టమే చీలిపోవచ్చు. పెద్ద క్యాలిబర్ మోడరేటర్‌ను చిన్న క్యాలిబర్ రైఫిల్‌కు వాడితే సాధారణంగా శబ్దం కొద్దిగా ఎక్కువ వినిపించడం తప్ప హాని లేదు. .308 మోడరేటర్‌ను .243 రైఫిల్‌కు వాడేవాళ్లు చాలామందే. తిరగేస్తే మాత్రం ప్రమాదమే.

రంధ్రం కొలత సరిపోయింది కదా అని ఆగిపోవడం దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది. .22 రిమ్‌ఫైర్ గుండూ, .223 రెమింగ్టన్ గుండూ వ్యాసంలో దాదాపు ఒకటే, రెండూ 5.7 మిల్లీమీటర్ల దగ్గరే. కానీ మొదటి తూటాలో మందు సుమారు పదో వంతు గ్రాము. రెండోదాంట్లో గ్రామున్నర పైన, పీడనం రెండు రెట్లకు మించి. .22 కోసం పల్చటి అల్యూమినియంతో చేసిన తేలికపాటి గొట్టాన్ని .223కు బిగిస్తే అది పగిలిపోగలదు. .308, .300 వించెస్టర్ మాగ్నమ్‌ల గుండ్లు కూడా ఒకే వ్యాసం, 7.82 మిల్లీమీటర్లు. మందు మాత్రం మొదటిదాంట్లో మూడు గ్రాముల లోపు, రెండోదాంట్లో నాలుగున్నర దాటుతుంది. క్యాలిబర్ అంకె గుండు లావు చెబుతుందే గానీ వెనక వచ్చే వాయువు బలం చెప్పదు. అందుకే తయారీదారు ఏ తూటా వరకు అనుమతించాడో, కనీసం ఎంత పొడవు బారెల్ ఉండాలన్నాడో చూడాలి. బారెల్ పొట్టిదైతే వాయువులు ఇంకా అధిక పీడనంలో ఉండగానే మూతికి చేరతాయి. మొదటి బిళ్ల మీద పడే దెబ్బ పెరుగుతుంది. బలమైన మోడరేటర్లలో ఆ బిళ్లకు స్టీలో, నికెల్ మిశ్రమ లోహమో వాడడానికి కారణం ఇదే.

మూడోది వేగం. గుండు ధ్వనిని మించి పోతున్నంతకాలం ఎంత ఖరీదైన మోడరేటర్ అయినా గాలిలోని ఆ చప్పుడును ఆపలేదు. దీన్ని బాగా అర్థం చేసుకున్నవాడు బ్రిటిష్ ఇంజనీరు విలియం గాడ్‌ఫ్రే డి లైల్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను తీసుకుని, దానికి .45 పిస్టల్ తూటా అమర్చాడు. ఆ గుండు బరువైనది, వేగం సెకనుకు 260 మీటర్ల దగ్గరే. గాలిలో ఆ చప్పుడు పుట్టే ప్రసక్తే లేదు. బారెల్ చుట్టూ అల్లుకున్న లావుపాటి గొట్టంలో వాయువుకు కావలసినంత చోటు. మోడరేటర్‌కు తగిన తూటానూ, తూటాకు తగిన మోడరేటర్‌నూ కలిపి ఆలోచించిన తొలి ఆయుధాలలో డి లైల్ కార్బైన్ ముఖ్యమైనది. సోవియట్ యూనియన్‌లో మితిన్ సోదరులు తయారుచేసిన బ్రామిట్ పరికరంలో రబ్బరు బిళ్లలు ఉండేవి. మోసిన్ రైఫిల్‌కు దాన్ని బిగించినప్పుడు మందు తగ్గించిన ప్రత్యేక తూటాలే వాడవలసివచ్చేది. ఇప్పటి .300 బ్లాకౌట్‌లోనూ అదే తర్కం: మోడరేటర్ కోసం చేసిన తూటాల్లో 14 గ్రాముల బరువైన గుండు, ధ్వని వేగానికి లోపలే.

మోడరేటర్ను బారెల్‌కు బిగించే మరల జత గురించి కూడా జాగ్రత్త అవసరం. అమెరికాలో .22, .223 బారెళ్లకూ, 9 మిల్లీమీటర్ల పిస్టల్ బారెళ్లకూ అర అంగుళం వ్యాసంలో అంగుళానికి 28 మరలుండే కొలత వాడతారు. అంటే .22 మోడరేటర్ 9 మిల్లీమీటర్ల బారెల్ మీద హాయిగా బిగుసుకుంటుంది. గుండు మాత్రం అందులోంచి పోదు. .308 రైఫిళ్లకు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, 24 మరలు. యూరప్‌లో మెట్రిక్ కొలతలు. మర సరిపడడం క్యాలిబర్ సరిపడడానికి రుజువు కాదు. మర బారెల్ రంధ్రానికి కేంద్రం తప్పి చెక్కి ఉంటే, అన్నీ సరైనవే అయినా గుండు చివరి బిళ్లలను రాసుకుంటుంది. అందుకే తొలిసారి పేల్చేముందు, తూటా లేని రైఫిల్‌లో బారెల్ నుంచి మోడరేటర్ కొస దాకా తిన్నని కడ్డీ దూర్చి, అది రంధ్రాల నడిమధ్యగా వస్తోందా లేదా అని చూస్తారు.

వాడకం మొదలయ్యాక కూడా తూటాను బట్టే సంరక్షణ. .22 గుండ్లు ఎక్కువగా పూతలేని సీసం కావడంతో మోడరేటర్ లోపల సీసం పేరుకుంటుంది. అలాంటివాటిని విప్పి శుభ్రం చేసుకునేలా చేస్తారు. పెద్ద రైఫిళ్లలో గుండుకు రాగి తొడుగు ఉంటుంది, పీడనమూ ఎక్కువ, అందుకే మడ్డి తక్కువ. వేడి మాత్రం ఎక్కువ. వరసగా కొన్ని తూటాలు పేలిస్తే గొట్టం చేయి పెట్టలేనంతగా కాగుతుంది. బారెల్ కొసన చేరిన బరువు బారెల్ కంపనాన్ని మారుస్తుంది. దాంతో గుండు తగిలే చోటు కాస్త జరుగుతుంది. అందుచేత మోడరేటర్ బిగించాక గురిని మళ్లీ సరిచేసుకుంటారు, తీసేస్తే ఇంకోసారి.