వానలో వెనుక చక్రాల కారు: నిదానం మన చేతిలోనే, కాదు, మన కాలిలోనే!

మన కాచిగూడ, నారాయణగూడ, చిక్కడపల్లి వీధుల్లో ఒకప్పుడు కారంటే అంబాసిడర్, లేకపోతే ప్రీమియర్ పద్మిని. రెండిటిలోనూ ఇంజను ముందు ఉండేది. దాని బలం పొడవాటి షాఫ్టు ద్వారా వెనుక చక్రాలకు చేరేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ముందు చక్రాలు లాగే చిన్న కార్లు అప్పటినుండి మధ్యతరగతి ఇళ్ళకు అలవాటయ్యాయి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

అయినా వెనుక చక్రాల బండి మన ఇళ్ళనుండి పోలేదు. ఇన్నోవా క్రిస్టా, బొలెరో అలాంటివే. ఫార్చునర్, స్కార్పియోలలో నాలుగు చక్రాల రకాలు కానివీ అంతే. 2024 నవంబరులో మహీంద్రా వారు విడుదల చేసిన బీఈ 6 విద్యుత్ కారుకు కూడా బలమంతా వెనుక చక్రాలకే. తేడా ఆ బలంలో ఉంది. పాత అంబాసిడర్ డీజిల్ ఇంజనుది సుమారు 40 అశ్వశక్తి. క్రిస్టాది 150కి దగ్గర. బీఈ 6ది 225కు పైమాటే. నాన్నగారు అంబాసిడర్‌ను వానలో ఎలా నడిపేవారో చూసి పెరిగినవారు కూడా ఈ బండ్లను కొత్తగా నేర్చుకోవలసిందే.

బండి తోక ఎందుకు జారుతుంది?

రోడ్డును టైరు పట్టుకునే పట్టుకు ఒక హద్దు ఉంది. తడి రోడ్డు మీద ఆ హద్దు బాగా తగ్గిపోతుంది. మలుపులో వెనుక టైర్లు బండిని పక్కకు పోకుండా ఆపాలి, అదే సమయంలో ముందుకు నెట్టాలి కూడా. అప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ఉన్న పట్టంతా నెట్టడానికే ఖర్చయిపోతుంది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి వెనుకభాగం పక్కకు జారుతుంది. ఇంజను ముందున్న బండిలో డ్రైవరు ఒక్కడే ఉంటే వెనుక బరువు తక్కువ గనుక ఈ ప్రమాదం మరింత ఎక్కువ. విద్యుత్ కారులో తొక్కిన క్షణంలోనే బలమంతా చక్రానికి అందుతుంది గనుక ఇంకా జాగ్రత్త కావాలి.

చాలాకాలం తర్వాత పడే వానలో మొదటి అరగంట మరీ ప్రమాదకరం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి జారుడు పూతలా తయారవుతాయి. గట్టి వాన పడి అది కొట్టుకుపోయేవరకు వేగం బాగా తగ్గించుకోవాలి.

పాటించవలసిన పద్ధతులు

యాక్సిలరేటరును పాదంతో కొద్దికొద్దిగా నొక్కాలి, కొద్దికొద్దిగానే వదలాలి. మలుపుకు ముందే, బండి తిన్నగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. స్టీరింగు మళ్ళీ తిన్నగా వస్తున్నప్పుడే వేగం పెంచాలి. ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు చక్రాలు గిర్రున తిరిగితే రెండవ గేరులో మెల్లగా కదిలించవచ్చు.

తడి రోడ్డు మీద ఒక్కసారిగా కింది గేరుకు దింపి క్లచ్ వదిలేయకూడదు. అది వెనుక చక్రాలకు హఠాత్తుగా బ్రేకు వేసినట్టే. విద్యుత్ కారులో పాదం తీయగానే బండిని నెమ్మది చేసే ఏర్పాటు ఉంటుంది. వానలో దాన్ని తక్కువ స్థాయిలో పెట్టుకోవడం మంచిది.

ముందు బండికి పొడి రోడ్డు మీద వదిలే దూరానికి రెట్టింపు వదలాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మనం ప్రమాదాన్ని గమనించి బ్రేకు మీద కాలు పెట్టే ఒక్క సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఆగడం ఆ తర్వాతే మొదలవుతుంది. చిక్కడపల్లి నుండి నారాయణగూడ వరకు రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు, పక్కన ద్విచక్ర వాహనాలు. అశోక్‌నగర్‌లో గొడుగుల కింద రోడ్డు దాటే పోటీ పరీక్షల విద్యార్థులు. ఇలాంటిచోట బండి తోక ఒక్క గజం జారినా ఎవరి బిడ్డకు తగులుతుందో!

జారితే ఏం చేయాలి?

ముందుగా బ్రేకు మీద ఎగిరి దూకకూడదు. యాక్సిలరేటరు మీదనుండి పాదం మెల్లగా తీయాలి. వెనుకభాగం కుడికి జారితే స్టీరింగు కుడికే, ఎడమకు జారితే ఎడమకే కొద్దిగా తిప్పాలి. చూపు స్తంభం మీద కాక, మనం వెళ్ళవలసిన దారి మీద ఉండాలి. పట్టు తిరిగి రాగానే స్టీరింగు తిన్నగా చేయాలి. ఆలస్యమైతే తోక రెండోవైపుకు విసురుతుంది. జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ ఏర్పాటు మీ బండిలో ఉంటే దాన్ని ఎన్నడూ ఆపి ఉంచకండి. అయితే రోడ్డు మీద లేని పట్టును అది కూడా తెచ్చిపెట్టలేదు.

టైర్లు చూసుకున్నారా?

మన చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వానకు 3 మిల్లీమీటర్లయినా ఉంటే మేలు. ఆ గాడులే టైరు కింది నీటిని బయటికి నెడతాయి. అవి అరిగితే, వేగంలో టైరు రోడ్డును వదిలి నీటిపై తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు వేసినా బండి మాట వినదు. గాలి తక్కువైనా ఇదే అపాయం. వెనుక చక్రాల బండికి వెనుక టైర్లే త్వరగా అరుగుతాయి. రెండే కొత్తవి కొనే వీలుంటే వాటిని వెనుకకే వేయించండి.

నిలిచిన నీటిలోకి వద్దు

హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్ మీదుగా మూసీ వైపు పోతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన నమోదైనప్పుడు ఈ నాలా పక్క పల్లపు ఇళ్ళను నీరు ముంచెత్తింది. 2020 అక్టోబరులోనూ నగరం అలాంటి వాననే చూసింది. ఇంజను ఎంత బలమైనదైనా ప్రవహించే నీటి ముందు చాలదు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు. రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా కొట్టుకుపోగలదు. పైగా నీటి కింద గుంత ఉందో, మూత లేని మ్యాన్‌హోలు ఉందో కనబడదు. వెనక్కి తిరగడమే తెలివి. నీటిలో ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయకండి. లోపలికి నీరు చేరితే ఇంజనే పాడవుతుంది. కొద్దిపాటి నీరు దాటిన తర్వాత బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టండి.

సాధారణంగా మన చేత యాక్సిలరేటరు గట్టిగా తొక్కించేది తొందర. కాచిగూడ స్టేషనులో రాత్రి బండి అందుకోవాలి, బడి వేళ దాటిపోతోంది, ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తోంది. వానరోజున అరగంట ముందు బయలుదేరితే ఈ తొందర చాలావరకు తగ్గుతుంది. ఇంట్లోని పెద్దలు కూడా "ఎక్కడిదాకా వచ్చావు?" అంటూ బండి నడిపేవారికి పదేపదే ఫోను చేయకుండా ఉంటే అదీ ఒక సాయమే. రైలు తప్పితే మర్నాడు ఇంకొకటి ఉంటుంది. వెనుక సీటులో నిద్రపోతున్న పిల్లలు క్షేమంగా ఇల్లు చేరాలి, అంతే.