సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు

సంక్రాంతి వస్తే కోనసీమ ఊళ్లలో షెడ్ల కింద నెలల తరబడి కదలని పాత కార్లకు పని పడుతుంది. రాజమండ్రి స్టేషన్లో దిగే చుట్టాలను తీసుకురావాలి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఇంటిల్లిపాదీ వెళ్లాలి. తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. అక్కణ్నుంచి సలహాలు మొదలవుతాయి. బ్యాటరీ మార్చమని ఒకరు, ప్లగ్గులు మార్చమని ఇంకొకరు, కార్బొరేటర్ విప్పించమని మరొకరు. అందరి మాటా విని అన్నీ మార్చినా బండి కదలదు. ఎందుకంటే లోపం ఎక్కడుందో ఎవరూ చూడలేదు.

ఇంజనులో పెట్రోలు మండాలంటే మూడు సమకూరాలి. తగినంత పెట్రోలు కలిసిన గాలి లోపలికి రావాలి. దాన్ని పిస్టన్ గట్టిగా నొక్కాలి. సరిగ్గా ఆ క్షణానికి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. షెడ్డు భాషలో చెప్పాలంటే పెట్రోలు, కంప్రెషన్, కరెంటు. సెల్ఫ్ తిరుగుతున్నా బండి అందుకోలేదంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి రావడం లేదు, లేదా వేళ తప్పి వస్తోంది.

శివారు పొలానికి నీళ్లు అందకపోతే రైతు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి చేను దాకా కాలువంతా తవ్వుకుంటూ రాడు. మధ్యలో ఒకచోట ఆగి, అక్కడికి నీళ్లు వచ్చాయో లేదో చూస్తాడు. వచ్చి ఉంటే అడ్డు కింద ఉన్నట్టు, రాకపోతే పైన ఉన్నట్టు. ఒక్క చూపుతో సగం కాలువ వెతికే పని తప్పుతుంది. కారు దగ్గరా చెయ్యాల్సింది ఇదే. ఇక్కడ ముఖ్యంగా చెప్పేది మారుతి 800, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి కార్బొరేటర్ బండ్ల గురించి. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అంబాసిడర్‌దీ అదే ఏడాది మే నెలలో ముగిసింది. ఈ బండ్లను ఇంట్లో ఉంచుకున్నవాళ్లు వాటి తీరు కొంత తెలుసుకుని ఉండటం మంచిది.

ముందు చెవి, ముక్కు

స్పానర్ పట్టుకునే ముందు సెల్ఫ్ శబ్దం వినాలి. రుగ్‌, రుగ్‌, రుగ్‌ అంటూ సమమైన లయతో తిరుగుతుంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగానే ఉన్నట్టు. ఈడ్చుకుంటూ తిరుగుతుంటే ఇంకేదీ వెతకకుండా ముందు బ్యాటరీ సంగతి చూడాలి. విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపే మంచి బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 9.6 కన్నా కిందికి పడకూడదు. అంతకన్నా పడితే సెల్ఫ్ ఎలాగో తిరుగుతుంది గానీ రవ్వకు కావాల్సిన అధిక వోల్టేజీ పుట్టించే కాయిల్‌కు చాలినంత కరెంటు మిగలదు. తాళం వదిలే చివరి క్షణంలో ఇంజను ఒక్కసారి తుమ్మినట్టు అందుకోబోయి ఆగడం దీని గుర్తు. ఎర్తు తీగ బిగింపు, టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి బూజు కూడా ఇప్పుడే చూసుకోవాలి.

లయ లేకుండా కుట్టుమిషన్‌లా సర్రున, మామూలు కన్నా వేగంగా తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపెయ్యాలి. టైమింగ్ బెల్టు తెగిందేమో అనుమానించాలి. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

తర్వాత వాసన. అయిదారుసార్లు సెల్ఫ్ కొట్టాక గుప్పున పెట్రోలు వాసన వస్తే ఇంజను పెట్రోలుతో తడిసిపోయినట్టు. చోక్ లాగి, యాక్సిలరేటర్ పదేపదే తొక్కినప్పుడు జరిగేది ఇదే. చోక్ లోపలికి నెట్టి, పది నిమిషాలు బండిని వదిలెయ్యాలి. ఆ తర్వాత యాక్సిలరేటర్‌ను పంపు కొట్టకుండా అడుగంటా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. గాలి ఎక్కువగా వెళ్లి, పేరుకున్న పెట్రోలును బయటికి తోస్తుంది. ఏ పరీక్షలోనైనా పది సెకన్లకు మించి సెల్ఫ్ ఒకే బిగిని కొట్టకూడదు. మధ్యలో అర నిమిషమైనా విరామం ఇవ్వాలి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

పెట్రోలు ముల్లు చూపించినదాన్ని నమ్మొద్దు. పాత బండ్లలో అది అబద్ధం చెప్పడం మామూలే. రెండు లీటర్లు కొత్త పెట్రోలు పోసి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష.

ఒక ప్లగ్గు, రెండు జవాబులు

ఇప్పుడు కాలువ మధ్యలో నిలబడి చూసే పని. కాసేపు సెల్ఫ్ కొట్టాక ఒక ప్లగ్గు విప్పి దాని కొన చూడాలి. తడిగా ఉండి పెట్రోలు వాసన వేస్తే పెట్రోలు వస్తోంది, కరెంటే అనుమానం. పొడిగా ఉంటే పెట్రోలు అక్కడిదాకా రావడం లేదు. ప్లగ్గు మీద నల్లటి మసి, నూనె జిడ్డు కనిపిస్తే తుడిచి, ఆరబెట్టి పక్కన పెట్టాలి.

తర్వాత అదే ప్లగ్గును దాని తీగకు తగిలించి, ప్లగ్గు లోహపు ఒళ్లు ఇంజను ఇనుముకు గట్టిగా ఆనేట్టు పెట్టాలి. పెట్రోలు పైపులు, విప్పిన ప్లగ్గు రంధ్రం దగ్గర కాకుండా దూరంగా పెట్టాలి. చేత్తో పట్టుకోకూడదు, పక్కన బీడీ, సిగరెట్ ఉండకూడదు. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు చూడాలి. టప్‌, టప్‌మని తెల్లగా, నీలంగా రవ్వ కొడితే కరెంటు బాగుంది. పసుపుపచ్చగా, నీరసంగా ఉంటే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ అనుమానించాలి. అసలే రాకపోతే కరెంటు దారి మొత్తం వెతకాలి.

ఆ దారి పెద్దదేం కాదు. తాళం నుంచి కాయిల్‌కు, కాయిల్ నుంచి మన మెకానిక్కులు డెల్కో అనే డిస్ట్రిబ్యూటర్‌కు, అక్కణ్నుంచి ఒక్కో తీగగా ప్లగ్గులకు. అంబాసిడర్‌లో నాలుగు, మారుతి 800లో మూడు. ఇక్కడా మధ్యలోనే చూడాలి. కాయిల్ నుంచి డెల్కో మూతకు వెళ్లే నడిమి తీగను డెల్కో దగ్గర పీకి, దాని కొనకు ప్లగ్గు తగిలించి ఎర్తుకు ఆనించి సెల్ఫ్ కొట్టాలి. ఇక్కడ మంచి రవ్వ వచ్చి ప్లగ్గుల దగ్గర రాకపోతే లోపం మూతలో గానీ, లోపల తిరిగే రోటార్‌లో గానీ, తీగల్లో గానీ ఉంది.

డెల్టాలో ఎక్కువగా అనుమానించాల్సింది డెల్కో మూతనే. ధనుర్మాసపు మంచు, కాలువ గట్ల తడిగాలి, షెడ్డు నేల చెమ్మ అన్నీ కలిసి మూత లోపల నీటి ఆవిరి పట్టిస్తాయి. మూత విప్పి వెలుతురులోకి తిప్పి చూస్తే లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీసినంత సన్నని నల్లగీత ఒక్కోసారి కనిపిస్తుంది. అధిక వోల్టేజీ దారి తప్పి ఆ తడి మీదుగా కారిపోయిన బాట అది. గీత లేకపోతే పొడిబట్టతో తుడిచి, కాసేపు ఎండలో పెడితే చాలు. గీత ఉంటే మూత మార్చాల్సిందే, ఎంత తుడిచినా వచ్చే మంచుకు మళ్లీ మొరాయిస్తుంది.

నడిమి తీగలోనే రవ్వ లేకపోతే కాయిల్ వైపు రావాలి. కాయిల్ మైనస్ టెర్మినల్ నుంచి ఎర్తుకు 12 వోల్టుల చిన్న బల్బు కలిపి సెల్ఫ్ కొడితే, డెల్కోలో పాయింట్లు కలుస్తూ విడిపోతూ ఉండే బండ్లలో ఆ బల్బు మిణుకుమిణుకుమనాలి. ఆరకుండా వెలుగుతుంటే పాయింట్లు కలవడం లేదు. అసలు వెలగకపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా తాళం నుంచి కాయిల్‌కు కరెంటే రావడం లేదు. నెలలు నిలబడ్డ బండిలో పాయింట్ల మీద సన్నని పొర పేరుకుంటుంది. ఎమెరీ కాగితంతో రుద్ది, ఫీలర్ గేజితో సందు సరిచెయ్యాలి. అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు ఆ సందు సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. వేడెక్కినప్పుడే ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయ్యే బండి అయితే ముందు కాయిల్‌ను పట్టి చూడాలి.

పెట్రోలు ఎక్కడ ఆగింది

ప్లగ్గు పొడిగా ఉందనుకుందాం. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బొరేటర్ నోట్లోకి చూస్తూ యాక్సిలరేటర్ తీగ లాగాలి. సన్నని ధారగా పెట్రోలు చిమ్మితే కార్బొరేటర్ గిన్నె దాకా వచ్చినట్టే. చిమ్మకపోతే కార్బొరేటర్‌కు వచ్చే పైపు విప్పి సీసాలో పెట్టి, కాయిల్ నడిమి తీగను పీకి ఎర్తు చేసి సెల్ఫ్ కొట్టాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఈ పని. దఫాలవారీగా పెట్రోలు పడితే పంపు బాగుంది, లోపం కార్బొరేటర్‌లో ఉంది. పడకపోతే ఫిల్టర్, పంపు, పగిలిన రబ్బరు పైపు, ట్యాంకు అడుగున తుప్పు ఈ వరసలో చూడాలి. పైపు పగిలితే పంపు పెట్రోలుకు బదులు గాలి పీలుస్తుంది, చుక్క కూడా బయట కారదు.

నిలవ పెట్రోలు ఇంకో చిక్కు. ఆరేడు నెలలకు అది బంకలా మారి కార్బొరేటర్ జెట్లను మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, 2023 ఫిబ్రవరిలో విడుదలై దేశమంతటా విస్తరించింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మోతాదు మించితే నీళ్లతో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది, పంపు ముందు దాన్నే లాగుతుంది. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు మెత్తబడతాయి, పగుళ్లు ఇస్తాయి. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించడం, వాడని బండి ట్యాంకును నిండుగా ఉంచి లోపల చెమ్మ పట్టే చోటు తగ్గించడం మేలు.

ఇక వేసవి. రోహిణి కార్తె ఎండలో కాసేపు ఆపిన బండి మళ్లీ అందుకోకపోతే పంపు, పైపులు వేడెక్కి లోపలి పెట్రోలు ఆవిరై ఉండొచ్చు. పంపు మీద తడిగుడ్డ కప్పి పావుగంట ఆగితే చాలు. తడి డెల్కో మీద, తీగల మీద పడకుండా చూసుకోవాలి.

బెల్టు, కంప్రెషన్

కరెంటు ఉంది, పెట్రోలు ఉంది, అయినా అందుకోదంటే వేళ తప్పి ఉండాలి, లేదా కంప్రెషన్ లేకపోవాలి. మారుతి 800లో కామ్‌షాఫ్ట్‌ను టైమింగ్ బెల్టు తిప్పుతుంది, డెల్కోను కామ్‌షాఫ్ట్ తిప్పుతుంది. డెల్కో మూత తీసి సెల్ఫ్ కొట్టించినప్పుడు రోటార్ కదలకపోతే బెల్టు తెగినట్టే. అంబాసిడర్‌లో బెల్టు బదులు గొలుసు ఉంటుంది. కొన్ని ఇంజన్లలో బెల్టు తెగాక పిస్టన్లు వాల్వులను తాకుతాయి. కనుక మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడం ఖర్చు పెంచుకోవడమే. ఒక్కసారిగా అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ పోవడం అరుదు. నెమ్మదిగా తగ్గుతూ వస్తే బండి ముందే శక్తి కోల్పోతుంది, పొగ వదులుతుంది.

ఎంపీఎఫ్‌ఐ బండ్లు, డీజిల్ బండ్లు

ఎంపీఎఫ్‌ఐ, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే బండి అయితే తాళం ఆన్ చెయ్యగానే ట్యాంకు వైపు రెండు సెకన్లు గుయ్‌మనే శబ్దం వినాలి. వినకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడాలి. ఇంజను గుర్తున్న లైటు తాళం ఆన్ చేసినప్పుడు వెలగాలి. వెలగలేదంటే ఇంజను కంప్యూటర్‌కే కరెంటు అందడం లేదు. లైటు వెలిగి, పంపు మోగినా అందుకోకపోతే క్రాంక్ లేదా కామ్ సెన్సర్ వైపు చూడాలి. స్కానర్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లడం మంచిది. షెడ్డులో ఎలుకలు తీగలు కొరికాయేమో మాత్రం ముందే చూసుకోవచ్చు.

డీజిల్ అంబాసిడర్లు, జీపుల్లో కరెంటు రవ్వతో పనిలేదు. అక్కడ సగం గొడవ లైనులో గాలి చేరడమే. ఫిల్టర్ దగ్గరి చేతిపంపు కొట్టి, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి శుద్ధమైన డీజిల్ వచ్చేదాకా గాలి తీయాలి. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు కూడా చూసుకోవాలి.

వరద నీళ్లు తాకిన బండి

1986 ఆగస్టు గోదావరి వరదను చూసినవారూ, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి ఏటిగట్టెక్కినవారూ ఈ మాట గుర్తుంచుకోవాలి. నీట మునిగిన బండికి తాళం తిప్పకూడదు. నీరు నొక్కుకుపోదు. సిలిండర్‌లో నీళ్లుంటే సెల్ఫ్ బలానికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీగ తీసి, ప్లగ్గులన్నీ విప్పి, నూనె గేజి చూడాలి. ఇంజనాయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే. ఆయిలు మార్చి, ప్లగ్గుల రంధ్రాల నుంచి నీళ్లు బయటికి పోయేట్టు తిప్పించాకే మిగిలిన పరీక్షలు.

మెకానిక్‌కు చెప్పాల్సింది

ఇన్ని పరీక్షలు మీరే చెయ్యాలని లేదు. మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు బండి స్టార్ట్ కావడం లేదని చెప్పి ఊరుకోకుండా నాలుగు వివరాలు చెప్పండి. సెల్ఫ్ శబ్దం ఎలా ఉంది, ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా, రవ్వ ఏ రంగులో ఉంది, చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తోందా వేడెక్కాకా. ఆ వివరాలు వింటే అతను ఏ సామాను తీసుకురావాలో ముందే తేల్చుకుంటాడు. అవసరమైన విడిభాగం ఊళ్లో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ నుంచి ఆ ఒక్కటే తెప్పిస్తాడు. ఏ పరీక్షలో ఏం తేలిందో చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి విడిభాగాలు మారుస్తానంటే మాత్రం ఆపి అడగండి: దీంట్లోనే లోపముందని ఎలా తేల్చారు? మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు విసుక్కోడు. రవ్వ కొట్టించి చూపిస్తాడు, లేదా సీసాలో పెట్రోలు పట్టి చూపిస్తాడు.