భూల్ ఇచ్చే డాక్టరు నోరు ఎందుకు చూస్తారు?

మన షోలాపూర్‌లో ఆపరేషన్ అనంగనే ఎంత కోస్తారు, ఎన్ని కుట్లు పడతాయి అనే అడుగుతారు. భూల్ ఇచ్చే డాక్టరు వచ్చి నోరు తెరవమంటే మాత్రం "కడుపుకు ఆపరేషనైతే నోరెందుకు?" అంటారు. మా ఇంటామెకు పిత్తాశయంలో రాళ్లు తీసినప్పుడు ఆమె కూడా అదే అడిగింది. ఆ డాక్టరమ్మ ఓపికగా చెప్పిన సంగతులే ఇవి.

పూర్తి మత్తులో కండరాలు పట్టు వదులుతాయి, మనిషి తనంతట ఊపిరి తీసుకోలేడు. అందుకని నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబు దింపి మిషన్‌తో గాలి ఇస్తారు. దారి కనపడేందుకు లారింగోస్కోప్ అనే పనిముట్టు వాడతారు. పిడి, దానికి వంకర పట్టీ, చిన్న లైటు. ఎడమ చేత పట్టి, నోటి కుడి పక్క నుంచి పెట్టి నాలుకను ఎడమకు జరుపుతారు. తర్వాత ముందుకు, పైకి ఎత్తాలి. పలుగు లాగా వెనక్కి వంచితే బరువు పై పళ్ల మీద పడి విరుగుతాయి. ట్యూబులో పెట్టే తీగ కొస బయటికి పొడుచుకు రాకూడదు, గొంతు గీరుకుంటుంది. మగ్గం నడిపే ముందు నాడె మొన గరుకుగా ఉందేమో మనం వేలితో చూసుకునేవాళ్లం కదా, అట్లాంటిదే. లైటు వెలుగుతుందా, ట్యూబు కొసనున్న బుడగ గాలి నిలుపుతుందా అనేది కూడా ముందే చూస్తారు.

అది వాళ్ల పని. పళ్ల సంగతి మాత్రం మనమే చెప్పాలి. మిశ్రీ తోమే మన ఆడవాళ్లలో చాలామందికి చిగుళ్లు వదులై పళ్లు కదులుతుంటాయి, సిగ్గుపడి చెప్పరు. అట్లాంటి పన్ను ఊడి శ్వాసనాళంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. కట్టుడు పళ్లు తీసి ఇంటివాళ్ల చేతికివ్వాలి. మా ఇంటామె థియేటర్ తలుపు దాకా పెట్టుకునే పోయి, అక్కడ తీసి నా దస్తీలో మూటగట్టింది!

ఇంకోటి, చాయ్. పాలు పోసిన చాయ్ అన్నంతో సమానమే, 6 గంటల ముందే ఆపాలి. మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు దాకా తాగనిస్తారు, కానీ మీ డాక్టరు చెప్పిందే లెక్క. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిల్లు దూదిలో పనిచేసి దగ్గు పట్టినవాళ్లు, బీడీ తాగేవాళ్లు ఆ మాట దాచొద్దు. వెనుకటి ఆపరేషన్లో ట్యూబు వేయడం కష్టమైందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ కాగితం వెంట తీసుకపోండి.

తర్వాత ఒకట్రెండు రోజులు గొంతు నొప్పి, బొంగురు ఉంటాయి. వారమైనా గొంతు రాకపోతే డాక్టరుకు చూపించండి. ఆయాసమైతే మాత్రం అప్పటికప్పుడే పోవాలి.