కారులో ఆంప్ మాటిమాటికీ కట్ అవుతోందా? డిక్కీ వరకు వెళ్లిన వైర్ ఎంత మందం ఉందో ఒకసారి చూడండి!

కొత్త సబ్ ఊఫర్ పెట్టించారు. నెల్లూరులో బండి ఎక్కి, పెన్నా వంతెన దాటి కోవూరు చేరేలోపే బాస్ డల్ అయిపోయింది. వాల్యూమ్ పెంచితే ఆంప్లిఫయర్ మీద ఎర్ర లైట్ వెలిగి పాట ఆగిపోయింది. కాసేపాగితే మళ్లీ వచ్చింది. వెంటనే ‘ఆంప్ డూప్లికేట్ రా’ అని షాపువాడిని తిట్టుకుంటాం. చాలాసార్లు ఆంప్ బాగానే ఉంటుంది. దానికి కరెంట్ మోసుకొచ్చే వైరే సన్నగా ఉంటుంది.

పాట ఆగితే పోనీ అనుకోవచ్చు. కానీ అదే వైర్ సీటు కింద, కార్పెట్ కింద వేడెక్కుతూ ఉంటే అది పాటతో పోయే విషయం కాదు.

ఇంట్లో సన్న వైర్ సరిపోతుంది కదా, కారులో ఎందుకు చాలదు?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. వైర్ మందాన్ని వాట్లు నిర్ణయించవు, ఆంపియర్లు నిర్ణయిస్తాయి. ఇంట్లో 750 వాట్ల మిక్సీ 230 వోల్టుల మీద నడుస్తుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే 3 ఆంపియర్ల పైచిలుకు వస్తుంది, అంతే. అదే 750 వాట్లు కారులో కావాలంటే? ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు కారు కరెంట్ 13.8 వోల్టుల దగ్గర ఉంటుంది. అంటే ఏకంగా 54 ఆంపియర్లు! పని అదే, కరెంట్ మాత్రం 16 రెట్లు ఎక్కువ. ఇంటికి తెచ్చిన 2.5 స్క్వేర్ ఎంఎం వైర్ మిగిలింది కదా, కారుకు లాగేద్దాం అనుకునేవాళ్లు చేసే తప్పు ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆంప్ 500 వాట్ల ఆర్‌ఎంఎస్ అనుకోండి. ఈమధ్య వచ్చే క్లాస్ డి ఆంప్‌లు తీసుకున్న కరెంట్‌లో 80 శాతం దాకా సౌండ్‌గా మారుస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. అంటే 500 వాట్లు ఇవ్వాలంటే 625 వాట్లు లాగాలి. దాన్ని 13.8తో భాగిస్తే దాదాపు 45 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి డిక్కీకి వైర్ 5 మీటర్లు పట్టిందనుకుందాం. ఆ దూరానికి 2.5 స్క్వేర్ రాగి వైర్ వేస్తే దార్లోనే ఒకటిన్నర వోల్ట్ పోతుంది. ఫుల్ సౌండ్‌లో ఆ వైర్‌లో పుట్టే వేడి 70 వాట్లు. సెల్‌ఫోన్ రిపేర్ షాపులో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు దాదాపు మూడింటిని కార్పెట్ కింద పరిచినట్టు లెక్క! పాటలో బీట్ పడ్డప్పుడే ఇంత లాగుతుంది కాబట్టి వేడి అన్నివేళలా ఈ స్థాయిలో ఉండదు. అయినా మామూలు ఇంటి వైర్ పైతొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. మే నెలలో మన ఎండలకు పార్క్ చేసిన కారు లోపల ముందే ఎంత ఉడికిపోతుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

అదే చోట 4 గేజ్ వైర్ వేస్తే పోయేది 0.2 వోల్ట్ లోపే.

గేజ్ నంబర్ తగ్గితే వైర్ లావు

షాపులో వినిపించే గేజ్ అమెరికన్ లెక్క. అది మనకు తిరకాసుగా ఉంటుంది. నంబర్ తగ్గేకొద్దీ వైర్ లావవుతుంది. 3 నంబర్లు తగ్గితే లోపలి రాగి దాదాపు రెట్టింపు. మన స్క్వేర్ ఎంఎం లెక్కలో చెప్పాలంటే 8 గేజ్ అంటే సుమారు 8.4, 4 గేజ్ అంటే 21, జీరో గేజ్ అంటే 53. క్లాస్ డి ఆంప్, అసలు రాగి వైర్, 5 మీటర్ల దూరం అనుకుంటే, 300 వాట్ల ఆర్‌ఎంఎస్ దాకా 8 గేజ్ చాలు. అక్కడి నుంచి 1000 వాట్ల వరకు 4 గేజ్. ఆపైన జీరో. బండి పొడుగైతే, వైర్ మెలికలు తిరిగి వెళ్తే ఒక మెట్టు పైకి వెళ్లడమే మంచిది. లావు వైర్ వల్ల జేబుకు తప్ప దేనికీ నష్టం లేదు.

బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ‘3000 వాట్స్’ అని ఉంటుంది చూడండి, దాన్ని పట్టించుకోకండి. అది క్షణకాలపు పీక్ లెక్క. లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక అసలు మోసం వైర్ లోపల ఉంటుంది. తక్కువ రేటుకు దొరికే కిట్లలో చాలావాటిలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. షాపుల్లో సీసీఏ అంటారు. ఇది అసలు రాగితో పోలిస్తే కరెంట్‌ను మూడింట రెండొంతులే మోస్తుంది. అంటే ‘4 గేజ్’ అని కొన్నా అది దాదాపు 6 గేజ్ పనే చేస్తుంది. కొన్నిట్లో అయితే పైన ప్లాస్టిక్కే లావు, లోపల తీగలు పిడికెడు కూడా ఉండవు. అందుకే ముక్క కోయించి చూడండి. ఒక తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా వచ్చిందా, అది అల్యూమినియం. చేతిలో తూకం కూడా తేలిగ్గా ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పైకి తెల్లగా కనిపించి, గీకితే లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూత పూసిన రాగి. అది మంచిదే. మనలా సముద్రం దగ్గర్లో ఉండేవాళ్లకు ఇంకా మంచిది. మైపాడు వైపు తరచూ తిరిగే బండ్లకు ఉప్పుగాలి తగులుతుంది. మామూలు రాగి కొసలు పచ్చగా పాచి పట్టి, జాయింట్ దగ్గరే కరెంట్ ఆగిపోతుంది.

ఫ్యూజ్ ఎక్కడ పెట్టారు?

షాపులో తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఇది. ఫ్యూజ్ ఉండేది ఆంప్‌ను కాపాడటానికి అనుకుంటారు. ఆంప్‌కు తన సొంత ఫ్యూజ్ ఉంటుంది. బ్యాటరీ దగ్గర పెట్టేది వైర్‌ను కాపాడటానికి. ఇంజిన్ నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రం దగ్గర పైతొడుగు కోసుకుపోయి వైర్ బాడీకి తగిలితే, బ్యాటరీ క్షణంలో వందల ఆంపియర్లు వదులుతుంది. ఫ్యూజ్ డిక్కీలో ఉంటే ఏం లాభం? మంట ముందే మొదలైపోతుంది. కాబట్టి బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజ్ ఉండాలి. రాగి 8 గేజ్‌కు 50 నుంచి 60 ఆంపియర్లు, 4 గేజ్‌కు 100 నుంచి 150 ఆంపియర్ల మధ్య వేస్తారు. ఫ్యూజ్ పోతోందని పెద్దది వేయించుకోవడం, తీగ చుట్టడం లాంటివి వద్దే వద్దు. రేకు రంధ్రంలో రబ్బరు వాషర్ వేశారో లేదో కూడా చూడండి.

ఎర్త్ వైర్ కూడా అదే మందంలో ఉండాలి. పొట్టిగా ఉండాలి. బాడీ మీద పెయింట్ గీకేసి, మెరిసే ఇనుముకు బోల్ట్ బిగించాలి. ప్లస్ వైర్ లావుగా వేసి, ఎర్త్‌కు సన్న ముక్క తగిలించే పని చాలా చోట్ల కనిపిస్తుంది.

బాస్ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే మాత్రం అది వేరే కథ. ఆంప్ వైర్ మార్చినా అది తగ్గదు. అక్కడ చాలనిది ఆల్టర్నేటరో, పాతబడ్డ బ్యాటరీయో.

బండి తీసుకునే ముందు షాపులోనే ఇంజిన్ ఆన్‌లో పెట్టి 20 నిమిషాలు గట్టిగా పాటలు వేయించండి. చెయ్యి పెట్టి వైర్, ఫ్యూజ్ హోల్డర్, ఎర్త్ బోల్ట్ తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండకూడదు. తర్వాత ‘అన్నా, ఒకసారి మీటర్ పెట్టు’ అని అడగండి. పాట మోగుతుండగానే బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు, ఆంప్ టెర్మినల్స్ దగ్గర ఎన్ని వోల్టులు చూపిస్తుందో చూడాలి. రెండింటి మధ్య తేడా అర వోల్ట్ దాటితే, డబ్బులిచ్చే ముందే వైర్ మార్పించుకోండి.