కాలవ గట్టున కారు, కళ్ళెదుట తెర

ద్వారపూడి, అనపర్తి మీదుగా సామర్లకోట పోయే కెనాల్ రోడ్డులో రాత్రిపూట కారు నడుపుతున్నావుగా నాన్నా, నీకో సంగతి చెప్పాలి. పక్కనే నిండుకాలవ. ఎదురుగా లైటు లేని సైకిలో, ధాన్యం బస్తాల ట్రాక్టరో వస్తుంది. అక్కడ నీకు కావలసింది గట్టు అంచు ఎక్కడుందో కనబడటం. మన కొత్త కార్లేమో స్టీరింగు పక్కనే పలకంత తెర పెట్టి, తెల్లటి వెలుగు మొహాన కొడుతున్నాయి. నాకు దీనిమీద నిజంగానే కోపం.

సందెవేళ కడియం నర్సరీల్లో కాసేపు నిలబడి చూడు. వెలుగు తగ్గేకొద్దీ ఎర్ర గులాబీలు ముందుగా నల్లబడిపోతాయి. పక్కనున్న ఆకులూ, నీలం శంఖుపూలూ ఇంకా తేటగానే కనిపిస్తుంటాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఈ విషయాన్ని 200 ఏళ్ళ కిందటే గమనించి రాశాడు. కారణం మన కంట్లోనే ఉంది. పగలు రంగులు చూసేవి శంకువులు. మసక చీకట్లో పనిచేసేవి దండాలు. ఈ దండాలకి నీలి ఆకుపచ్చ వెలుగు బాగా పడుతుంది, ముదురు ఎరుపు దాదాపు పట్టదు.

దండాల్లో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు తగిలితే అది ఇట్టే విడిపోతుంది, మళ్ళీ కూడుకోవడానికి మాత్రం 20, 30 నిమిషాలు తీసుకుంటుంది. మాట్నీకి ఆలస్యంగా వెళ్తే హాల్లో సీటు కనబడక తడుముకునేది అందుకే. హెడ్‌లైట్లు ఉన్నాయి కాబట్టి రోడ్డు మీద పూర్తి చీకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ వెలుగు అందని గట్టు అంచుని కనిపెట్టాల్సింది ఈ దండాలే. తెర వెనక వెలిగే తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం దీపం, దానిమీద పసుపు పూత. అంటే తెర విసిరేది సరిగ్గా దండాలని చెదరగొట్టే వెలుగే. బీఎండబ్ల్యూ వాళ్ళు ఏళ్ళ తరబడి మీటర్లకి నారింజ దీపాలు పెట్టారు. స్వీడన్‌లో సాబ్ కార్లకైతే ఒక బొత్తాం ఉండేది, నొక్కితే స్పీడోమీటరు తప్ప మిగతావన్నీ ఆరిపోయేవి. నాకు అంతకన్నా తెలివైన బొత్తాం కనబడలేదు.

వయసు మళ్ళిన కళ్ళకి ఇబ్బంది ఇంకా ఎక్కువ. కంటిపాప కుంచించుకుపోయి, కటకం పసుపు తిరిగి, అరవై ఏళ్ళవాడి కంట్లోకి ఇరవై ఏళ్ళవాడికి వెళ్ళే వెలుగులో మూడో వంతే చేరుతుంది. పైగా తెర తళతళ కటకంలో చెదిరి, ఉన్న చూపునీ మసకబారుస్తుంది.

ఇక ముట్టుకునే మీటల మాట. శ్రావణం వానలో ముందద్దానికి లోపల ఆవిరి పట్టిందనుకో. పాత కార్లో చెయ్యి దానంతటదే ఏసీ మరమీదికి పోయేది, తిప్పితే గాలి తగిలేది. ఇప్పుడు తెరమీద బొమ్మని వెతకాలి, వేలు సరిగ్గా తగిలిందో లేదో మళ్ళీ చూడాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కళ్ళు తిప్పితే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. 2022లో స్వీడన్ పత్రిక వి బీలాగారే నాలుగు చిన్న పనులు పెట్టి కార్లని పరీక్షించింది. 2005 నాటి బొత్తాల వోల్వో 10 సెకన్లలో ముగించింది. ఒక కొత్త తెరకారుకి 45 సెకన్లు పట్టింది. యూరప్‌లో కార్ల భద్రతకి చుక్కలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటరు, వైపరు, హారను వంటివాటికి అసలైన మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. మంచి పని.

ఇంకొకటి. పాత కార్లో లైట్లు వెయ్యకపోతే మీటరు చీకటిగా ఉండి గుర్తుచేసేది. ఇప్పుడది పట్టపగలూ వెలుగుతూనే ఉంటుంది. అందుకే సందెవేళ వెనక దీపాలు వెలగని కార్లు కనిపిస్తున్నాయి. కెనడా 2021లో కొత్త కార్లకి దీనిమీద నిబంధనే పెట్టింది.

ఈసారి బయలుదేరేముందు ఇంటి ముందే కారాపి, సెట్టింగుల్లో తెర వెలుగు బాగా తగ్గించు, రాత్రి రంగు పెట్టు. అక్కయ్య కారు కొంటానంటోందిగా, టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం వద్దను. చీకటి పడ్డాకే ఇమ్మని అడగమను. ఏసీ మర కళ్ళు మూసుకుని దొరుకుతుందో లేదో, బండి ఆగి ఉన్నప్పుడే చూసుకోమను.