పాల పరీక్షలో నెగ్గిన విషం

పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు పట్టేస్తుందని మనకు తెలుసు. నీళ్ళతోపాటు పంచదార కూడా కలిపితే? సాంద్రత మళ్ళీ సరిపోతుంది, లాక్టోమీటరు మోసపోతుంది! చైనాలో ఇలాంటి మోసమే పసిపిల్లల ప్రాణాలు తీసింది.

పాలలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో తెలుసుకోవడానికి 1883లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ ప్రకటించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. పాలను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోని నత్రజనిని కొలుస్తారు. దానిని 6.38తో గుణిస్తే మాంసకృత్తుల లెక్క వస్తుంది.

అయితే ఆ నత్రజని దేనిలోంచి వచ్చిందో ఈ పరీక్ష చెప్పలేదు. ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమిన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. నీళ్ళు కలిపిన పాలలో దానిని కలిపారు. పాలు పరీక్షలో నెగ్గాయి! 2008లో ఈ మోసం బయటపడింది. దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. చాలామందికి మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడ్డాయి. ఆరుగురు పసివాళ్ళు చనిపోయారు.

మెలమిన్‌ను పట్టుకోవాలంటే పాలలోని పదార్థాలను ముందు క్రొమటోగ్రఫీతో విడదీయాలి. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటరు అణువుల బరువును బట్టి దానిని గుర్తుపడుతుంది. పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ కిలోకు 1 మిల్లీగ్రాము మించరాదని 2010లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నిర్ణయించింది. అంత కొంచెం ఉన్నా ఈ యంత్రాలు పట్టేస్తాయి.

సాఫ్ట్‌వేర్‌లో మాకు రోజూ ఎదురయ్యే పాఠమే ఇది. పరీక్ష నెగ్గడం వేరు, సరిగ్గా ఉండటం వేరు. తిండి విషయంలో "ఎంత ఉంది?" అంటే చాలదు, "ఏముంది?" అని కూడా అడగాలి.